ద్విబంధాలు గంతులు వేయవు

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గర పడితే చాలు, పత్రికల విద్యా పేజీల్లో, కోచింగ్ మెటీరియల్లో, గైడ్లలో ఒక వాక్యం తప్పకుండా దర్శనమిస్తుంది: ‘బెంజీన్‌లోని మూడు ద్విబంధాలు నిరంతరం స్థానాలు మార్చుకుంటూ ఉంటాయి, దీన్నే రెజోనెన్స్ అంటారు.’ ఈ వాక్యం తప్పు. అచ్చుతప్పులాంటి చిన్న పొరపాటు కాదు, మొదటికే మోసం తెచ్చే తప్పు. ఇంటర్ మొదటి సంవత్సరంలో బుర్రకెక్కితే డిగ్రీ మూడో ఏడు దాకా దిగదు. ఆ తర్వాత నేర్చుకునే నైట్రేషన్, బ్రోమినేషన్, ఓర్తో-పారా వ్యవహారం (కొత్త గుంపు వలయంలో పక్కన చేరుతుందా, ఎదుట చేరుతుందా అన్నది) అంతా పిల్లలు దీని మీదే కట్టుకుంటారు. అందుకే ఈ ఒక్క వాక్యం గురించి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. చోటు చాలకపోతే కుదించి వేసుకోండి. అంకెలు మాత్రం కదపకండి.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ వాక్యాన్ని గైడు రాసేవాళ్లు పుట్టించలేదు. 1872లో జర్మన్ రసాయనవేత్త కెకూలే స్వయంగా చెప్పిందే. 1865లో ఆయన ఆరు కార్బన్లను వలయంగా కట్టి, ఒకటి విడిచి ఒకటి ద్విబంధం పెట్టాడు. పెట్టగానే చిక్కు వచ్చింది. పక్కపక్క కార్బన్ల మీద రెండు బ్రోమిన్లు ఉంటే, వాటి మధ్య ద్విబంధం ఉన్నది ఒకటి, ఏకబంధం ఉన్నది మరొకటి, వెరసి రెండు రకాల ఓర్తో-డైబ్రోమోబెంజీన్లు దొరకాలి. ఎంత వెదికినా దొరికింది ఒక్కటే. ఆ చిక్కులోంచి బయటపడటానికి ఆయన బంధాలు అటూ ఇటూ ఊగుతాయన్నాడు. ఎలక్ట్రాన్ సంగతి తేలింది 1897లో. దానికి పాతికేళ్ల ముందు ఈ మాట అన్నందుకు ఆయన్ను ఏమీ అనలేం. ఇవాళ అదే మాట అచ్చువేస్తున్నవాళ్లను అనాలి. పాము తోక కరుచుకున్న కల కథ, 1890లో బెర్లిన్ సన్మాన సభలో ఆయన చెప్పుకున్నది, ప్రతి పుస్తకంలోనూ బాక్సు కట్టి వేస్తారు. ఊగే బంధాల ఊహ ఆయనకు ఎందుకు అవసరపడిందో మాత్రం ఒక్క లైను ఉండదు. మాకైతే కలకంటే ఆ చిక్కే ముఖ్యం.

సరే, ఊగితే వచ్చిన నష్టమేమిటి? లెక్క వేసి చూడండి. ఒక ద్విబంధం ఉన్న సైక్లోహెక్సీన్‌కు హైడ్రోజన్ చేర్చి సైక్లోహెక్సేన్ చేస్తే మోల్‌కు 119.6 కిలోజౌళ్ల వేడి వస్తుంది. బెంజీన్‌లో మూడు ద్విబంధాలు విడివిడిగా ఉన్నట్లయితే దానికి మూడింతలు, అంటే 358.8 రావాలి. వచ్చేది 208.4. లెక్కకు 150.4 తక్కువ. ఆ అణువు అంత మేర ముందే కిందికి దిగి కూర్చుందన్నమాట. ఇప్పుడు ఊగే బొమ్మ తీసుకోండి. ఎడమ చేతి కెకూలే నిర్మాణానికి ఎంత శక్తి ఉందో కుడి చేతి నిర్మాణానికీ అంతే. అణువు కాసేపు ఇందులో, కాసేపు అందులో ఉంటే సగటు కూడా అంతే అవుతుంది. అద్దె ఒకటే అయిన రెండిళ్లలో పూటకో ఇంట కాపురం పెట్టినంత మాత్రాన అద్దె తగ్గదు. మరి ఆ 150 కిలోజౌళ్లు ఏమయ్యాయి? ఊగే బొమ్మ దగ్గర దీనికి జవాబు లేదు.

ఈ లెక్కలోనే ఇంకో అంకె దాగి ఉంది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. రెండు ద్విబంధాలున్న 1,3-సైక్లోహెక్సాడైయీన్‌కు హైడ్రోజన్ చేర్చితే వచ్చే వేడి 231.8. మూడున్న బెంజీన్ 208.4 ఇస్తుంటే రెండే ఉన్నది అంతకంటే ఎక్కువ ఇస్తోంది! అంటే బెంజీన్‌కు మొదటి హైడ్రోజన్ అణువును చేర్చాలంటే మనమే 23.4 కిలోజౌళ్లు ఎదురిచ్చుకోవాలి. మొదటి మెట్టు ఎక్కుడు, తర్వాతి రెండూ దిగుడు. నికెల్ పెట్టి, వేడి చేసి, పీడనంతో హైడ్రోజన్ ఎక్కిస్తే మధ్యలో డైయీన్ దగ్గర ఆపుదామన్నా ఆగకుండా సైక్లోహెక్సేన్ దాకా జారిపోవడానికి కారణం ఇదే. పిల్లల చేత 150 బట్టీ పట్టించే బదులు ఈ 23.4 లెక్క కట్టించండి. 150 అనేది ఊహా అణువుతో పోల్చి తెచ్చిన సంఖ్య; పోల్చేదాన్ని మారిస్తే అదీ మారుతుంది. 23.4 అలా కాదు, రెండు నిజమైన కొలతల తేడా.

కొందరు అధ్యాపకులు ఫ్యాన్ పోలిక చెబుతారు. గిరగిరా తిరిగే రెక్కలు పళ్లెంలా కనబడినట్టు, బంధాలు అతివేగంగా మారుతూ అన్నీ ఒకేలా కనబడతాయట. వినడానికి బాగుంది. కానీ తగినంత వేగం ఉన్న కెమెరాతో ఫ్యాన్‌ను ఫొటో తీస్తే రెక్కలు దొరుకుతాయి. బెంజీన్‌లో ఏ కెమెరాతో తీసినా దొరకవు. కాథ్లీన్ లాన్స్‌డేల్ 1929లో హెక్సామిథైల్‌బెంజీన్ స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు పంపి, వలయం బల్లపరుపుగా ఉన్న సమ షడ్భుజి అని చూపింది. బెంజీన్‌లో కార్బన్-కార్బన్ దూరం ఆరుచోట్లా 139 పికోమీటర్లు. ఈథేన్‌లో ఏకబంధం 154, ఇథిలీన్‌లో ద్విబంధం 134. ‘ఎక్స్ కిరణాలు సగటునే చూపిస్తాయి కదా’ అని తెలివైన పిల్ల ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. దానికి జవాబు మన రామన్ దగ్గరుంది. కేంద్రం గుండా తిప్పి చూస్తే తన మీద తానే సరిపోయే అణువుకు ఒక నియమం ఉంది: ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో కనబడే కంపనం రామన్ వర్ణపటంలో కనబడదు, అందులో కనబడేది ఇందులో కనబడదు. సమ షడ్భుజికి ఆ లక్షణం ఉంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి చొప్పున బంధాలున్న వలయానికి లేదు, ఎందుకంటే పొట్టి బంధానికి సరిగ్గా ఎదురుగా వచ్చేది పొడుగు బంధం. బెంజీన్ వర్ణపటాలు ఈ నియమాన్ని పాటిస్తాయి. పరమాణువుల కదలికలనే పట్టుకునేంత చురుకైన చూపుకు కూడా పొట్టి-పొడుగు బంధాలు చిక్కలేదంటే, అవి లేవు కనుకే.

మరి ఉన్నదేమిటి? ఒక్కో కార్బన్‌కు నాలుగు వేలన్సీ ఎలక్ట్రాన్లు, ఆరు కార్బన్లకు 24, ఆరు హైడ్రోజన్లవి 6, మొత్తం 30. ప్రతి కార్బన్ ఎస్‌పీ2 సంకరీకరణంలో మూడు ఆర్బిటాళ్లను 120 డిగ్రీల దూరంలో ఒకే తలంలో చాపుతుంది: రెండు పక్క కార్బన్లకు, ఒకటి హైడ్రోజన్‌కు. అలా 12 సిగ్మా బంధాలు, అంటే పరమాణువుల మధ్య తిన్నగా కట్టిన ఏకబంధాలు, 24 ఎలక్ట్రాన్ల ఖర్చు. మిగిలినవి ఆరు. అవి కార్బన్‌కు ఒకటి చొప్పున, వలయానికి నిలువుగా నిలబడిన పీ ఆర్బిటాళ్లలో ఉంటాయి. ఏ కార్బన్‌లోని పీ ఆర్బిటాల్ అయినా ఎడమ పొరుగుతో ఎంత కలుస్తుందో కుడి పొరుగుతోనూ అంతే కలుస్తుంది. ఒకరితో జోడీ కట్టి ఇంకొకరిని విడిచిపెట్టే పనే లేదు. ఆరు ఎలక్ట్రాన్లూ ఆరు కేంద్రకాల ఉమ్మడి ఆస్తి. అస్థానీకృతం అని మనం రాసే మాటకు అర్థం ఇంతే: ఎలక్ట్రాన్ జంట ఏ రెండు కార్బన్ల పేరా రిజిస్టరు కాలేదు.

ఇక్కడ తెలుగు మీడియం పిల్లలకు ప్రత్యేకంగా పడే గోతులు రెండున్నాయి. మొదటిది ‘పై’, ఈ ఆరు ఎలక్ట్రాన్లకు పెట్టిన పేరు. పై బంధం, పై మేఘం అనగానే వలయానికి పైన ఉండేదనుకుంటారు. గ్రీకు అక్షరం సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. ఆ మేఘం వలయానికి పైనా ఉంది, కిందా ఉంది. సరిగ్గా వలయం తలంలో మాత్రం సున్నా. షడ్భుజి మధ్యలో గీసే సున్నాను చూసి ఎలక్ట్రాన్లు ఆ నడిమి ఖాళీలో గుండ్రంగా తిరుగుతాయని రాసేవాళ్లు ఎందరో. రాబిన్సన్ 1925లో ఆ సున్నాను వాడింది ఆరు ఎలక్ట్రాన్ల గుంపుకు గుర్తుగా, వాటి దారికి పటంగా కాదు. పై సాంద్రత ఎక్కువగా ఉండేది కార్బన్ల వరుస మీద, ఆ వరుసకు ఎగువన, దిగువన.

రెండోది ‘అనునాదం’, రెజోనెన్స్‌కు మనం వాడే మాట. భౌతికశాస్త్రంలో అదే మాట శ్రుతిదండానికి వాడతారు. ఒకటి మోగితే పక్కది కంపిస్తుంది. ఉదయం ఫిజిక్స్ క్లాసులో ఆ పాఠం విన్న కుర్రాడు మధ్యాహ్నం కెమిస్ట్రీలో అనునాదం అనగానే ఏదో కంపిస్తోందనుకోడూ? పేరే తప్పుదారి పట్టిస్తోంది. మాట మార్చలేం గాని, ‘ఇక్కడ ఏదీ కంపించదు, ఏదీ మారదు, ఒక్క బొమ్మలో గీయలేక రెండు గీస్తున్నాం’ అని ఒక్క వాక్యం కలపవచ్చు. లోపం మన గీతల్లో ఉంది, అణువులో లేదు.

పోలిక కావాలంటే కంచరగాడిద నయం. అది పొద్దున గుర్రంగా, సాయంత్రం గాడిదగా మారదు. పుట్టడమే కంచరగాడిదగా పుట్టింది. నరసింహస్వామి పోలిక కొందరు చెబుతారు, మనవాళ్లకు చప్పున ఎక్కుతుంది కూడా. కానీ ఆయనకు పై సగం సింహం, కింది సగం మనిషి. బెంజీన్‌లో అలా విడదీసి చూపే సగాలు లేవు. అందువల్ల దాన్ని మేం వాడం.

బాణాల గురించి కూడా చెప్పాలి. కెకూలే నిర్మాణాల మధ్య వేయాల్సింది రెండు తలలున్న ఒకే బాణం, ↔. అచ్చులో చాలాసార్లు పడేది ఎదురెదురు బాణాల జంట, ⇌. మొదటిది ‘ఈ రెండు బొమ్మలూ ఒకే వస్తువువి’ అని చెబుతుంది. రెండోది ‘ఇవి రెండు వస్తువులు, ఒకటి ఇంకోటిగా మారుతోంది’ అని చెబుతుంది. డీటీపీలో ఫాంట్ లేదని ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే తప్పు వాక్యం రాసినట్టే లెక్క.

ద్విబంధాలు నిజంగానే స్థానాలు మార్చుకునే అణువు ఒకటుంది. విల్‌స్టాటర్ 1911లో తయారుచేసిన సైక్లోఆక్టాటెట్రాయీన్. ఎనిమిది కార్బన్లు, నాలుగు ద్విబంధాలు. కాగితం మీద బెంజీన్‌కు అన్నగారిలా కనబడుతుంది. స్వభావం పూర్తిగా వేరు. బల్లపరుపుగా ఉండదు, తొట్టిలా వంగి ఉంటుంది. బంధాలు ఒకటి 134, ఒకటి 147 పికోమీటర్ల ప్రాంతంలో, పొట్టి పొడుగ్గా. బ్రోమిన్ చూపిస్తే చటుక్కున కలుపుకుంటుంది. ఈ అణువు ఒక క్షణం బల్లపరుపై, బంధాలు చోటు మార్చుకుని, మళ్లీ వంగుతుంది. మధ్యలో దాటాల్సిన శక్తి గట్టు ఉంది, ఆ గట్టు ఎత్తును ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలను పరిశీలించే పద్ధతి)తో కొలవవచ్చు. అక్కడ ⇌ వేయడం సరైనది. బెంజీన్‌లో అలాంటి గట్టూ లేదు, గట్టుకు అటూ ఇటూ రెండు పల్లాలూ లేవు. ఉన్నది ఒకే పల్లం.

ఆరుకు, ఎనిమిదికి ఇంత తేడా ఎందుకో చూపడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక వృత్తం గీసి, అందులో షడ్భుజిని ఒక కొన సరిగ్గా కిందికి వచ్చేలా పెట్టండి. కొనలు వృత్తాన్ని తాకే ఎత్తులే పై ఆర్బిటాళ్ల శక్తి మట్టాలు: అడుగున ఒకటి, దాని పైన రెండు, నడిమి గీత దాటాక రెండు, నెత్తిన ఒకటి. ఆరు ఎలక్ట్రాన్లు కింది మూడింటిలో జంటలు జంటలుగా నిండిపోతాయి. పైవి మూడూ ఖాళీ. ఇప్పుడు అష్టభుజిని అలాగే పెట్టండి. అడుగున ఒకటి, తర్వాత రెండు, సరిగ్గా నడిమి గీత మీద రెండు. ఎనిమిది ఎలక్ట్రాన్లలో ఆరు కింద సర్దుకోగా, మిగిలిన రెండూ నడిమి గీత మీది రెండు గదుల్లో ఒక్కొక్కటిగా ఒంటరిగా మిగులుతాయి. ఆ అవస్థ పడలేకే అది వంగిపోతుంది. పై ఎలక్ట్రాన్లు 4ఎన్+2 (ఎన్ అంటే 0, 1, 2...) ఉన్న వలయమే బెంజీన్‌లా స్థిరపడుతుందని హ్యుకెల్ 1931లో ఇచ్చిన నియమం ఈ బొమ్మలోంచి దానంతటదే రాలుతుంది. బోర్డు మీద ఐదు నిమిషాల పని. నియమాన్ని మాత్రమే బట్టీ పట్టిన పిల్లలు ‘ఎన్ అంటే కార్బన్ల సంఖ్య’ అని రాస్తారు. ఈ బొమ్మ గీసినవాళ్లు రాయరు.

ఇక అసలు నష్టం జరిగేది ప్రయోగశాలలో. ‘బెంజీన్ వలయం బ్రోమిన్ నీటి రంగు పోగొట్టదు’ అని పుస్తకం. పిల్లలు పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్ల టోలీన్ (ఒక మిథైల్ గుంపు తగిలించిన బెంజీన్ వలయం), 2 మిల్లీలీటర్ల పలచని బ్రోమిన్ నీరు పోసి గట్టిగా కుదుపుతారు. కింది నీటి పొర రంగు పోతుంది. ‘రంగు పోయినది, కావున అసంతృప్త సమ్మేళనం’, అంటే మామూలు ద్విబంధాలున్నది, అని రికార్డులో ఎక్కిస్తారు. పై పొర చూడలేదు! బ్రోమిన్ నీటిలో కంటే టోలీన్‌లో బాగా కరుగుతుంది కనుక కింది నుంచి పైకి వెళ్లింది, అంతే. పై పొర నారింజ రంగు తిరిగి ఉంటుంది. పక్కనే ఇంకో నాళికలో సైక్లోహెక్సీన్‌తో అదే కొలతల్లో చేస్తే రెండు పొరల రంగూ పోతుంది. ఈ రెండో నాళిక లేకుండా ఈ పరీక్ష చేయించకూడదు. ఇంకో ప్రమాదం కిటికీ దగ్గర ఉంది. టోలీన్, బ్రోమిన్ ఉన్న నాళికను ఎండలో పెడితే కొద్దిసేపట్లో పై పొర రంగు కూడా పోతుంది. అది వలయం పని కాదు. వెలుతురుకు బ్రోమిన్ పరమాణువులుగా చీలి, పక్కన వేలాడే మిథైల్ గుంపు మీది హైడ్రోజన్‌ను లాగేస్తుంది. వచ్చేది బెంజైల్ బ్రోమైడ్. కళ్లు మంటలెక్కి నీళ్లు కారుతాయి. కాబట్టి నీడలో, ఫ్యూమ్ హుడ్‌లో చేయాలి.

పొటాషియం పర్మాంగనేట్ పరీక్షలోనూ ఇదే తంతు. చల్లగా, 1 శాతం క్షార ద్రావణంతో చేస్తే టోలీన్ దగ్గర ఊదా రంగు అలాగే ఉంటుంది. తొందరపడి మరిగిస్తే రంగు పోయి గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్ దిగుతుంది. మిథైల్ గుంపు కాలి బెంజోయిక్ ఆమ్లం అయింది. వలయం చెక్కు చెదరలేదు. ఈ ప్రయోగం చెడిపోయినా మంచిదే. పక్క గుంపును తినేసిన ఆక్సీకరణి వలయం జోలికి పోలేదంటే ఆ ఆరు ఎలక్ట్రాన్ల కట్టు ఎంత గట్టిదో ఇంతకంటే దగ్గరగా చూపలేం.

ఫినాల్ (వలయం మీద ఓహెచ్ గుంపు ఉన్నది), ఎనిలీన్ (ఎన్‌హెచ్2 గుంపు ఉన్నది) విషయంలో తప్పు తిరగబడుతుంది. అవి బ్రోమిన్ నీటి రంగును క్షణాల్లో పోగొడతాయి, తెల్లటి అవక్షేపం దిగుతుంది. వెంటనే ‘సంకలన చర్య’, అంటే ద్విబంధం విప్పి బ్రోమిన్‌ను కలుపుకోవడం, అని రాస్తారు. అవక్షేపం 2,4,6-ట్రైబ్రోమో సమ్మేళనం. మూడు హైడ్రోజన్లు పోయి మూడు బ్రోమిన్లు వచ్చాయి, వలయం అలాగే ఉంది. ఇది ప్రతిక్షేపణ. ఆక్సిజన్ లేదా నైట్రోజన్ తన ఒంటరి జంటను (బంధంలో చేరని రెండు ఎలక్ట్రాన్లను) వలయంలోకి నెట్టడంతో, వట్టి బెంజీన్‌కు కావాల్సిన ఇనుము సాయం కూడా అక్కర్లేకపోయింది. డిగ్రీ ల్యాబ్‌లో ఈ జోరు కాస్త తగ్గించి చూపాలంటే ఎసిటనిలైడ్, అంటే నైట్రోజన్ మీద ఎసిటైల్ గుంపు ఎక్కించిన ఎనిలీన్, ఉంది. 2.7 గ్రాముల ఎసిటనిలైడ్‌ను 9 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, 3.4 గ్రాముల బ్రోమిన్‌ను, అంటే సుమారు 1.1 మిల్లీలీటర్లను, 5 మిల్లీలీటర్ల అదే ఆమ్లంలో కలిపి చుక్కలు చుక్కలుగా వేస్తూ కలియబెట్టాలి. అరగంట ఉంచి 80 మిల్లీలీటర్ల చల్లని నీళ్లలో పోస్తే పారా-బ్రోమోఎసిటనిలైడ్ దిగుతుంది. పసుపు చాయ మిగిలితే అది ఖర్చుకాని బ్రోమిన్. చిటికెడు సోడియం బైసల్ఫైట్ వేస్తే పోతుంది. ఆ పసుపును ఉంచేసి ఆల్కహాల్‌లో స్ఫటికీకరణకు దిగేవాళ్లే ఎక్కువ, ద్రవీభవన స్థానం 167 డిగ్రీలు రాలేదని వాపోయేదీ వాళ్లే. ఎసిటైల్ గుంపు నైట్రోజన్ జంటలో కొంత తనవైపు లాక్కోవడం వల్ల బ్రోమిన్ ఒక్కటే ఎక్కింది. ఆ గుంపు లావు వల్ల పక్కన కాక ఎదుటికి వెళ్లింది.

ఏ గుంపూ లేని వట్టి బెంజీన్‌కు మాత్రం బ్రోమిన్‌ను రెచ్చగొట్టాలి. ఇనుప రజను వేస్తే ఫెర్రిక్ బ్రోమైడ్ అక్కడికక్కడే తయారై బ్రోమిన్‌ను ఒకవైపు లాగుతుంది. పాత్ర తడిగా ఉంటే నీరే ఫెర్రిక్ బ్రోమైడ్‌ను పట్టేసుకుంటుంది, చర్య మొదలే కాదు. నైట్రేషన్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం నైట్రిక్ ఆమ్లాన్ని నైట్రోనియం అయాన్‌గా మారుస్తుంది; 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచాలి, దాటితే రెండో నైట్రో గుంపు మెటా స్థానంలో (ఒక కార్బన్ విడిచి) ఎక్కడం మొదలెడుతుంది. రెండు చర్యల్లోనూ నడక ఒకటే. ఎలక్ట్రోఫైల్, అంటే ఎలక్ట్రాన్ల కోసం వెదికే కణం, వచ్చి ఒక కార్బన్‌కు అంటుకున్న క్షణంలో ఆ కార్బన్ ఎస్‌పీ3 అయి ఉమ్మడిలోంచి తప్పుకుంటుంది. ఐదు కార్బన్ల మీద నాలుగు పై ఎలక్ట్రాన్లు మిగులుతాయి. కష్టమైన మెట్టు ఇదే. ఇప్పుడు దారులు రెండు. ఇంకేదో వచ్చి పక్క కార్బన్‌కు అంటుకుంటే సంకలనం పూర్తవుతుంది గాని ఆరుగురి ఉమ్మడి శాశ్వతంగా పోతుంది. ప్రోటాన్‌ను విదిలిస్తే ఉమ్మడి తిరిగి వస్తుంది. అణువు రెండోదే చేస్తుంది. మెలాండర్ 1950 ప్రాంతంలో హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన రూపం ట్రిటియం పెట్టి నైట్రేషన్ చేస్తే ట్రిటియం పోవడానికీ హైడ్రోజన్ పోవడానికీ వేగంలో తేడా రాలేదు. ప్రోటాన్ ఊడటం కష్టమైన మెట్టు కాదనడానికి అదే సాక్ష్యం. ‘ద్విబంధాలు మారుతూ ఉంటాయి కనుక బ్రోమిన్‌కు అవి దొరకవు’ అని ఒక గైడులో అచ్చయిన వివరణ చూశాం. దొంగా పోలీసు ఆటలా ఉంది అది.

‘బెంజీన్ సంకలన చర్య జరపదు’ అని ఖరాఖండీగా రాయడం కూడా సరికాదు. ఎండలో క్లోరిన్‌తో కలిపితే ఆరు క్లోరిన్లనూ కలుపుకుంటుంది. ఫారడే 1825లో బెంజీన్‌ను కనుక్కున్న ఏడాదే ఇది చేసి చూశాడు. మన పొలాల్లో ఒకప్పుడు చల్లిన గెమాక్సిన్ పొడి ఆ సరుకే. దాన్ని బెంజీన్ హెక్సాక్లోరైడ్ అన్నారు గాని అందులో బెంజీన్ వలయం మిగల్లేదు, పై ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు.

పేరు మాట వచ్చింది కనుక: బెంజీన్ పేరులో ఉన్నది మన ఇళ్లలో పొగ వేసే సాంబ్రాణి. అరబ్బులు దాన్ని లుబాన్ జావీ అంటే, యూరప్‌లో మొదటి అక్షరాలు రాలి బెంజోయిన్ అయింది. అందులోంచి తీసిన బెంజోయిక్ ఆమ్లాన్ని మిచర్‌లిష్ 1833లో సున్నంతో వేడిచేసి బెంజీన్ రాబట్టాడు. బొగ్గు తారు నుంచి తీసిన బెంజీన్‌కూ దీనికీ ఒక తేడా ఉందని 1882లో బయటపడింది. ఐసాటిన్, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తారు బెంజీన్ నీలి రంగు ఇస్తుంది. విక్టర్ మేయర్ క్లాసులో బెంజోయిక్ ఆమ్లం నుంచి చేసిన బెంజీన్ వాడేసరికి రంగు రాలేదు. రంగు ఇచ్చింది బెంజీన్ కాదు, అందులో కలిసిపోయిన థయోఫీన్. బెంజీన్ మరిగేది 80 డిగ్రీల దగ్గర, థయోఫీన్ 84 దగ్గర. స్వేదనంతో విడదీయడం కష్టం. ఐదు మూలల వలయమైనా గంధకం తన ఒంటరి జంటను ఉమ్మడికి ఇవ్వడంతో దానికీ ఆరు పై ఎలక్ట్రాన్లే. అందుకే అంతకాలం బెంజీన్ వేషంలో చెల్లిపోయింది.

ఈ ప్రయోగాల్లో మేం టోలీన్ అని రాశాం. బెంజీన్‌ను విద్యార్థుల బల్ల మీదికి తేకూడదు. అది రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థమని నిర్ధారణ అయింది. మన పెట్రోల్‌లోనూ 1 శాతం మించకూడదని నిబంధన. విషానికి కారణం కూడా బంధాలే. టోలీన్ ఒంట్లోకి వెళితే కాలేయం తేలిగ్గా దొరికే మిథైల్ గుంపును బెంజోయిక్ ఆమ్లంగా మార్చి, చివరికి హిప్పురిక్ ఆమ్లంగా మూత్రంలో పంపేస్తుంది. బెంజీన్‌కు అలా పట్టుకునే పిడి లేదు. వలయాన్నే ఆక్సీకరించాలి, ఆ క్రమంలో పుట్టే ఎపాక్సైడ్, క్వినోన్ లాంటివి ఎముకల మూలుగను దెబ్బతీస్తాయి. అలాగని టోలీన్ ఆవిరి పీల్చవచ్చని కాదు.

చివరగా అచ్చు గురించి. కాలమ్ వెడల్పుకు సరిపెట్టడానికి షడ్భుజిని అడ్డంగా సాగదీయకండి. సమ షడ్భుజి కాకపోతే పైన రాసిందంతా వృథా. కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్ బొమ్మలో రెండు వలయాల్లోనూ రెండు సున్నాలు పెట్టకండి. సున్నాకు ఆరు చొప్పున పిల్లలు 12 పై ఎలక్ట్రాన్లు లెక్కపెడతారు, ఉన్నవి 10. పైగా అక్కడ బంధాలన్నీ సమానం కూడా కావు. గీయగలిగిన మూడు నిర్మాణాల్లో 1, 2 కార్బన్ల మధ్య రెండుసార్లు ద్విబంధం వస్తుంది, 2, 3 మధ్య ఒక్కసారే. కొలిచినా అంతే: మొదటిది 137 పికోమీటర్లకు దగ్గర, రెండోది 142కు దగ్గర. నాఫ్తలీన్‌కు కెకూలే బొమ్మ వేయండి, బెంజీన్‌కు ఏదైనా సరే.

ఇట్లు,
ఇంటర్, డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర అధ్యాపకులు కొందరు,
తెనాలి